ఇంజన్ మీద అక్షింతలు

నా రాతలో ఒత్తులు తప్పితే, దీర్ఘాలు ఎక్కువ తక్కువలైతే సర్దుకుని చదవండి. నేను అక్షరాలు దిద్దింది నలభై ఏడో ఏట. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. మధ్యలో పాలు పొంగితే రెండు పూటలు. చదువు చెప్పింది మా వీధిలో రైల్వే వాళ్ళమ్మాయి పద్మకుమారి. తప్పులన్నీ తాను దిద్దుతానంది గానీ, దిద్దితే ఇది నా మాటలా ఉండదని నేనే వద్దన్నాను.

మేము సునాబెడ వెళ్ళింది అరవై ఆరులో. అంతకుముందు మా ఆయన వాల్తేరు రైల్వే షెడ్డులో ఫిట్టరు. కోరాపుట్ కొండల మీద విమానాల ఇంజన్లు చేసే ఫ్యాక్టరీ పెడుతున్నారని, పని తెలిసినవాళ్ళు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టారు. కొత్త క్వార్టరు ఇచ్చారు. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకోవలసిన చోటు. చీరలు ఆరడానికి మూడు రోజులు పట్టేది.

అది విమానాల ఇంజన్లు చేసే ఊరే గానీ, అక్కడ విమానం లేదు. తయారైన ఇంజన్ను కాంక్రీటు గదిలో బిగించి, పూర్తి జోరున తిప్పి పరీక్ష చేసేవారు. దాన్ని టెస్ట్ బెడ్ అనేవారు. అది మోగుతుంటే మా గూట్లో గిన్నెలు వణికేవి. పప్పు ఉడుకుతోందో లేదో చెవికి తెలియదు, మూత తీసి చూసుకోవాల్సిందే. పరీక్ష అయ్యాక ఇంజన్ను చెక్కపెట్టెలో పెట్టి, లారీ మీద పొట్టంగి ఘాటీ కొండ మలుపుల్లోంచి కిందికి పంపేసేవారు. అది ఎక్కడికి వెళ్ళేదో, ఎవరు నడిపే విమానంలో కూర్చునేదో మాకెవరికీ తెలియదు. మా కాలనీ పిల్లలు చప్పుడు విని పెరిగారు, విమానం చూడకుండా పెరిగారు.

మా ఆయన పని ఆ టెస్ట్ బెడ్ దగ్గరే. చెవులకి డిప్పలు పెట్టుకునేవారు. అయినా నాలుగేళ్ళు తిరిగేసరికి వినికిడి బాగా తగ్గిపోయింది. ఇంట్లో అందరం అరిచే మాట్లాడేవాళ్ళం. ఉప్పు నిండుకుందని చెప్పినా మా వరుసలోని క్వార్టర్లన్నిటికీ తెలిసిపోయేది. ఆయన గొంతూ అంతే. మెల్లగా మాట్లాడుతున్నాననే అనుకునేవారు.

మాకు తాతాజీ ఒక్కడే. వాడికి ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. చిన్నప్పటి నుంచీ వాడికి ఒకటే పట్టు, విమానం నడపాలని. పదో తరగతిలో ఉండగా మా ఆయన పై అధికారి, ఫోర్‌మన్ చంద్రశేఖరం గారు ఒక ఆదివారం టీ తాగడానికి వచ్చి వాడికి దారి చెప్పారు.

"ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకోవాలంటే జమీందారు కొడుకువై పుట్టాలిరా. ఎయిర్‌ఫోర్స్‌లో అయితే వాళ్ళే నేర్పుతారు, వాళ్ళే తిండి పెడతారు, పైన జీతం కూడా ఇస్తారు. కొన్నేళ్ళు దేశానికి పని చెయ్యి. ఆ అనుభవం చూసి తర్వాత ఎయిర్‌లైన్స్ వాడు పిలిచి మరీ కుర్చీ వేస్తాడు. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు చారలు."

"యుద్ధం వస్తేనో?" అన్నాను నేను.

"ఫైటర్లు తోలేవాళ్ళు వేరమ్మా. వీడు ట్రాన్స్‌పోర్ట్ అడగాలి. సరుకునీ సిపాయిలనీ మోసే పెద్ద విమానాలు. మన లారీల్లాగ. ఎయిర్‌లైన్స్‌కి వెళ్ళడానికి కూడా అదే దగ్గర దారి."

లారీ అనేసరికి నాకు ధైర్యం వచ్చింది. పొట్టంగి ఘాటీలో లారీలు ఎన్ని దొర్లుతుంటాయో ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

నేను ఒప్పుకోవడానికి వారం పట్టింది. తాతాజీ నా చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. "ముందు సరుకు విమానం, ఆ తర్వాత జనం విమానం. యుద్ధ విమానం ఎక్కనమ్మా. నీ మీద ఒట్టు."

సెలెక్షన్లో పెద్ద అధికారులు వాడిని ఎందుకు అరుస్తున్నావని అడిగారట. మా నాన్నకి వినపడదు సార్, అలవాటైపోయింది అన్నాడట. ఎయిర్‌లైన్స్ మాట అక్కడ ఎత్తవద్దని చంద్రశేఖరం గారు మరీ మరీ చెప్పి పంపారు. తీరా వాళ్ళు, పెద్దయ్యాక ఏం చేస్తావని అడిగితే, మనవాడు అదే గొంతుతో "ఎయిర్‌లైన్స్‌కి వెళ్తాను సార్" అన్నాడట. ముందు ఎగరడం నేర్చుకో నాయనా అని వాళ్ళు నవ్వారట. అలా వెళ్ళాడు వాడు, పదిహేడేళ్ళకి.

ఇప్పుడు చెప్పబోయేది డెబ్బై ఆరు సెప్టెంబరు సంగతి. తాతాజీ అప్పటికి చిన్న విమానాలు నడపడం నేర్చుకున్నాడు. సెలవు మీద ఇంటికి వచ్చాడు. తిరిగి వెళ్ళగానే ఎవరెవరు ఏ వైపు వెళ్తారో అడుగుతారు. ఫైటరా, ట్రాన్స్‌పోర్టా, హెలికాప్టరా అని. మాకు ఆ విషయంలో ఆలోచించేదేముంది, ఎప్పుడో అనుకున్నదే కదా అని నేను తీరిగ్గా ఉన్నాను.

కానీ వాడు కుదురుగా లేడు. కుర్చీలో కూర్చుంటే అంచు మీదే కూర్చునేవాడు. అన్నం ముందు కూర్చుని సగంలో లేచి నీళ్ళు తెచ్చుకునేవాడు, నీళ్ళ గ్లాసు పక్కనే ఉండగా. టెస్ట్ బెడ్ మోగడం మొదలైతే చాలు, వరండాలోకి పోయి నిలబడేవాడు. వానలో తడుస్తూ ఫ్యాక్టరీ కంచె దాకా నడిచి వచ్చేవాడు. ఏమైందిరా అంటే, ఏం లేదమ్మా, కాళ్ళు పట్టేశాయి అనేవాడు. వాడిని చూస్తుంటే నాకూ చేతులు ఆడేవి కావు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని.

అప్పుడే రాయగడ నుంచి మా అప్ప బంగారమ్మ, నా తోడబుట్టిన అక్క, వచ్చింది. మా బావ అక్కడ రైల్వేలో పాయింట్స్‌మేన్. అప్ప బస్సు దిగుతూనే, ఎండు నెత్తళ్ళ మూట నా చేతికిచ్చి, వాడిని పట్టుకుంది.

"ఏట్రా గుంటడా, విమానం తోల్తన్నావంట! ఓ పాలి రాయగడ మీంచి ఎల్లకూడదేటి? మేం డాబా ఎక్కి సూస్తాం కదా."

"మనిష్టం కాదు దొడ్డమ్మా. వాళ్ళు సెప్పిన దారినే ఎల్లాల."

"మీ పెదనాన్న ఎర్రజెండా ఊపితే మెయిలు బండే ఆగిపోతాది. నువ్వు ఆగవేటి?"

చాలా రోజుల తర్వాత వాడు నవ్వాడు. అప్ప అక్కడితో ఆగలేదు.

"అది సరే గానీ, నువ్వు తోలే విమానాన్ని ఎవరైనా అమ్మోరికి సూపించేరేటి? మాకాడ కొత్త సైకిలు కొన్నా మజ్జిగౌరమ్మ గుడికి తోలుకెల్లాల్సిందే. సెక్రం కింద నిమ్మకాయ ఎట్టనిదే మా ఈదిలో రిక్సా కూడా కదల్దు. నువ్వేటి, అంత పెద్దదాన్ని ఊరికే ఎక్కేస్తన్నావు?"

"విమానాన్ని గుడికెలా తెస్తాను దొడ్డమ్మా?"

"తేలేవని తెలిసే, అమ్మోరి కుంకుమ, అక్షింతలు నేనే అట్టుకొచ్చేను." నడుం దగ్గర దోపుకున్న గుడ్డ మూట తీసి చూపించింది. వాటిని ఎక్కడ చల్లుతుందో అప్పుడు మేమెవరమూ అడగలేదు.

ఆడవాళ్ళకీ పిల్లలకీ ఫ్యాక్టరీ గేటు ఏడాదికి ఒక్కసారే తెరిచేవారు, విశ్వకర్మ పూజ నాడు. ఏడాదంతా మోగే ఇంజన్ను ఆ ఒక్క రోజు కళ్ళతో చూసేవాళ్ళం. వర్క్‌షాపులన్నీ కడిగి, రంగు కాగితాలు కట్టి, మట్టి విగ్రహం నిలబెట్టేవారు. బూందీ పొట్లాలు పంచేవారు. ఒక ఇంజన్ను ట్రాలీ మీద పెట్టి బంతిపూల దండ వేసేవారు. దాని నోటికి మూత బిగించి ఉండేది. కుంకుమ బొట్లు ట్రాలీకే గానీ ఇంజన్కి పెట్టనిచ్చేవారు కారు.

ఆ ఏడు మా ఆయన హుషారు చెప్పనలవి కాదు. కొడుకు పొట్టి క్రాపుతో పక్కన నడుస్తుంటే అందరికీ చూపిస్తున్నారు. ఆయన మనసులో ఏముందో కాలనీ అంతా ఎప్పుడో తేల్చేసింది. ఇక్కడివన్నీ ఫైటర్ ఇంజన్లే కదా, తాను చేసిన ఇంజన్ను కొడుకు నడపాలని ఏ తండ్రికి ఉండదు అనేవారు. ఆయన మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు.

ఇంజన్ దగ్గరికి వచ్చాక అప్ప నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఏటి మరిదీ, ముసుగేసిన పెల్లికూతురిని సూపించి బూందీ ఎట్టి పంపేస్తారేటి? మొకం సూపించవా?"

"ఏటి వదినా?" మా ఆయనకి వినపడలేదు.

"మొకం! మొకం సూపించు!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు. అటూ ఇటూ చూసి మూత మరలు విప్పారు. లోపల సన్నటి రేకులు, పొద్దుతిరుగుడు పువ్వులా చుట్టూ పేర్చినట్టు, వెండిలా మెరుస్తున్నాయి. అంత చప్పుడు చేసేది ఇంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు. ఆయన తాతాజీ భుజం మీద చెయ్యి వేసి ఏదో చూపిస్తున్నారు. తాతాజీ వంగి చూస్తున్నాడు. వాడి మొహంలో ఆ పది రోజుల కంగారూ లేదు. నేను ఆ మొహాన్నే చూస్తున్నాను.

అప్పుడు పక్కనుంచి అప్ప చెయ్యి లేచింది.

"సల్లగా ఉండు తల్లీ. మా గుంటణ్ణి సల్లగా మొయ్యి."

అక్షింతలు పడిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. పసుపు గింజలు రేకుల సందుల్లోంచి లోపలికి జారిపోవడం మాత్రం కనపడింది. కొన్ని అంచు మీద ఆగాయి, తర్వాత అవి కూడా జారాయి.

మా ఆయన అరవలేదు. వంగి చూశారు. చెయ్యి లోపలికి పెట్టబోయి వెనక్కి తీసేసుకున్నారు.  మూత మళ్ళీ బిగించి, ఎవరూ పిలవకుండానే తానే వెళ్ళి చంద్రశేఖరం గారిని తీసుకొచ్చారు.

"ఎవరు తీయమన్నారయ్యా మూత?" అన్నారు చంద్రశేఖరం గారు.

"నేనే తీసేను సార్."

 చంద్రశేఖరం గారు జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. కాసేపటికి ఎవరో వచ్చి బంతిపూల దండ పక్కన ఎర్ర చీటీ కట్టారు. ఆ ఇంజన్ ఇక ఎక్కడికీ కదలదని దాని అర్థం. దాన్ని మళ్ళీ మొదటి నుంచీ విప్పాలి.

అప్ప ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది. బూందీ పొట్లం విప్పలేదు.

"నేను దీవించేనే గానీ శపించలేదు కదే అమ్మీ. గుప్పెడు బియ్యానికి అంత ఇనుమూ ఇప్పీడమేటి? నిప్పులో పడితే బియ్యం బూడిదైపోదేటి?"

తాతాజీ ఆమె పక్కన కూర్చున్నాడు. "బూడిదైపోద్ది దొడ్డమ్మా. కాలకుండా ఒక్క గింజ సన్న గొట్టంలో అడ్డం పడితేనో?"

"పడితే?"

"ఇంజన్ ఆగిపోవచ్చు."

"ఆగితే రెండోది తిప్పుకోవాల."

"దీనికి రెండోది లేదు. ఫైటర్‌కి ఇదొక్కటే."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పదేళ్ళుగా ఆ ఇంజన్ల చప్పుడులో వండుతున్నాను. పైన ఉన్నవాడికి అది ఒక్కటే ఆధారమని ఆ రోజే తెలిసింది. నా మనసులో ఎందుకో ప్రతి విమానానికీ రెక్కకి రెండు చొప్పున ఇంజన్లు ఉండేవి.

మా ఆయన ఆ తర్వాత పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చేవారు. వాళ్ళ బ్యాచి వాళ్ళు ఇంజన్ను ముక్కలు ముక్కలుగా విప్పి, కడిగి, దీపం పెట్టి వెతుకుతున్నారని చెప్పారు. ఆయనకి హెచ్చరిక కాగితం ఇచ్చారు. దాన్ని ఆయన మడిచి సబ్బు పెట్టె కింద పెట్టారు, అంతే.

ఒక మధ్యాహ్నం తాతాజీ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను అల్లం దంచుతున్నాను.

"అమ్మా, నా ఒట్టు నాకు తిరిగిచ్చేస్తావేటి?"

చేతిలో రోకలి ఆగింది.

"మా సారు నన్ను ఫైటర్‌కి పంపుతానంటన్నారు. నా చెయ్యి దానికే బాగుందంట. నాకూ... నాకూ అదే ఎక్కాలనుందమ్మా."

"మరి ఎయిర్‌లైనో?"

"ఫైటర్ తోలినోల్లూ ఎల్తారు. కొంచెం సుట్టు దారి, అంతే."

"మీ నాన్న సెప్పేరేటి?"

"నాన్న ఏటీ సెప్పలేదు. నేను అడగలేదు. నువ్వు కాదంటే ట్రాన్స్‌పోర్టే అడుగుతాను. ఒట్టు తప్పను."

వాడు తన ఇష్టానికి తాను పోయి ఉంటే ఏడ్చి, తిట్టి ఊరుకునేదాన్ని. ఆ నిర్ణయాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "ఒక్క ఇంజన్‌దాని మీదికి నిన్ను ఎక్కనివ్వను," అన్నాను.

"సరేనమ్మా," అన్నాడు వాడు.

గొడవ పడలేదు, మొహం ముడుచుకోలేదు. నా దగ్గర కూర్చుని అల్లం తొక్క తీశాడు. గెలిచాను కదా, మనసు కుదుటపడాలి. పడలేదు. ఆ సరే అన్న మాటే చెవిలో తిరుగుతోంది. రాత్రి పక్క వేస్తే ఆ పక్క ముళ్ళలా ఉండేది. పగలు సంతకి వెళ్తే వంకాయల బదులు బెండకాయలు తెచ్చేదాన్ని. ఇంకొకరెవరైనా నా తరఫున అదే మాట అంటే బాగుండునని అనిపించింది. మా ఆయన చేత అనిపించాలనుకున్నాను. ఇంజన్ తెలిసిన మనిషి వద్దంటే, అది తల్లి భయం కాదు, తెలివైన మాట అవుతుంది.

విప్పిన ఇంజన్ను మళ్ళీ కట్టి టెస్ట్ బెడ్ ఎక్కించిన రోజు కాలనీ అంతటికీ తెలుసు, మోగేది అక్షింతల ఇంజనే అని. అప్ప పెరట్లో నిలబడి, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, మోగినంతసేపూ అమ్మవారిని తలుచుకుంది. గిన్నెలు వణికాయి. చప్పుడు పెరిగి, పెరిగి, అలాగే నిలబడి, నెమ్మదిగా తగ్గింది. సగంలో తెగలేదు. అప్ప వేళ్ళు తీసి, "పాసైపోయిందేటే అమ్మీ?" అంది.

ఆ సాయంత్రం ఆయన పెందరాళే వచ్చారు. స్నానం చేసి వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు. తాతాజీ గేటు దగ్గర సైకిలు తుడుస్తున్నాడు. నేను ఇక ఆగలేకపోయాను.

"ఏటండీ. ఆడు ఫైటర్ అంటన్నాడు. మీరు వొద్దని సెప్పండి."

"ఏటి?"

"ఫైటర్!" అని అరిచాను. "ఒక్క ఇంజన్‌ది! మీరు వొద్దనండి!"

టీ గ్లాసు కింద పెట్టారు.  "ట్రాన్స్‌పోర్ట్ అని కదా అనుకున్నాం," అన్నారు.

"ఇప్పుడూ అదే అంటన్నాను నేను. మీరూ అనండి. మీకు ఇంజన్ తెలుసు. మీ మాట వింటాడు. అది మంచిది కాదని సెప్పండి."

ఆయన నా వైపు తిరిగారు. ఆయనకి కోపం రాలేదు. మెల్లగానే చెబుతున్నాననుకున్నారు. కానీ ఆ గొంతు మా వరుస చివరి క్వార్టరు దాకా వెళ్ళింది.

"రోజూ ఎవలి కొడుకునో దాని మీద కూకోబెట్టి పంపతన్నానే. నా కొడుక్కి మాత్తరం అది పనికిరాదని ఏ నోటితో సెప్పమంటావు?"

పక్కింట్లో రేడియో ఆగిపోయింది. తాతాజీ చేతిలో గుడ్డ సైకిలు మీదే ఉండిపోయింది.

"నాకు బయం లేదనుకుంటన్నావేటి?" అన్నారాయన మళ్ళీ. "ఆ మూత తీసింది నేనే. గింజలు ఏరినంతసేపూ నాకు ఆడే కనిపించేడు. ఆడు కాపోతే ఇంకొకడు. ఆడికీ అమ్మ ఉంటాది."

 గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను. కడిగిన గ్లాసే మళ్ళీ కడిగాను.

తాతాజీ వెళ్ళే రోజు వచ్చింది. విజయనగరం బస్సు కోసం అందరం రోడ్డు మీదికి వచ్చాం. ముసురు. అప్ప వాడి సంచీ తన తల మీద పెట్టుకుంది, తడవకుండా. అంతలో ఫ్యాక్టరీ వైపు నుంచి ఒక లారీ వచ్చింది. వెనక టార్పాలిన్ కింద పెద్ద చెక్కపెట్టెలు. పొట్టంగి వైపు తిరుగుతూ మా ముందు నెమ్మదించింది.

"మరిదీ, అందులో మన అక్షింతలది ఉందేటి?" అని అప్ప అరిచింది.

"ఏమో వదినా. పెట్టెలన్నీ ఒక్కలాగే ఉంటాయి."

ఎన్నో ఏళ్ళుగా ఆ లారీలు నా ముందు నుంచి పోతున్నాయి. సరుకు పోతోందనుకునేదాన్ని. ఆ రోజు ఒక్కొక్క పెట్టె మీదా ఒక్కొక్క కుర్రాడు కూర్చున్నట్టు అనిపించింది. పొట్టి క్రాపులతో, తడుస్తూ. వాళ్ళలో మావాడు ఏ పెట్టె మీద ఉన్నాడో తెలియలేదు. నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. లారీ మలుపు తిరిగేదాకా అలాగే ఉన్నాను.

తాతాజీ నన్నే చూస్తున్నాడు.

"నీ ఒట్టు నాకొద్దు," అన్నాను. "తీసుకుపో."

"అమ్మా..."

"సగమే ఇస్తన్నాను. యుద్ధ విమానం ఎక్కుతావో, ఏది ఎక్కుతావో నీ ఇష్టం. జనం విమానం మాట మాత్రం నాదే. ఎప్పుడైనా సరే, అది ఎక్కాల. అది ఇవ్వను."

"ఎక్కుతానమ్మా," అన్నాడు. గట్టిగానే అన్నాడు, అలవాటు కొద్దీ. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళందరూ మా వైపు తిరిగారు. మా ఆయన, "ఏటంటన్నాది మీ అమ్మ?" అని అడిగారు. వాడు ఆయన చెవి దగ్గర చెప్పాడు. ఆయన తల ఊపారు. తర్వాత ఎందుకో వాడి చొక్కా గుండీలు పైనుంచి కింద దాకా ఒక్కొక్కటే తడిమి చూశారు, పెట్టి ఉన్నాయో లేదో అన్నట్టు.

అప్ప నడుం దగ్గర మూట తీసింది. అందులో ఇంకా అక్షింతలు మిగిలున్నాయి. చెయ్యి పైకెత్తి ఆగిపోయి, బెదురుతూ మా ఆయన్ని చూసింది.

"మనిషి మీద సల్లొచ్చు వదినా," అన్నారాయన.

ముగ్గురం చల్లాం. చల్లాక నేను నా కొప్పులోంచి దువ్వెన తీసి, రోడ్డు మీదే వాడి తల దువ్వాను. కాలరు విదిలించాను. జేబులు లోపలి నుంచి బయటికి తీయించాను. ఒక్క గింజ కూడా వాడితో విమానం దాకా వెళ్ళకూడదని.

వాడు ఫైటరే ఎక్కాడు. పదేళ్ళ పైన నడిపాడు. నేను సునాబెడలో ఉన్నంతకాలం, టెస్ట్ బెడ్ చప్పుడు సగంలో తెగిందంటే చాలు, నేను వరండాలోకి పరిగెత్తేదాన్ని. వాడు ఎక్కడో వందల మైళ్ళ అవతల ఉన్నాడని తెలుసు. అయినా పరిగెత్తేదాన్ని. ఎనభై రెండులో మా ఆయన గుండె నొప్పితో పోయారు. క్వార్టరు ఖాళీ చేసి రాయగడలో అప్ప ఇంటి పక్కనే గది తీసుకున్నాను. ఇక్కడ ఇంజన్ల చప్పుడు లేదు, రైళ్ళే. మొదట్లో ఆ నిశ్శబ్దానికే ఉలిక్కిపడి లేచేదాన్ని.

కిందటేడు ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు వాడిని వదిలారు. అడిగిన రెండేళ్ళకి గానీ అనుమతి రాలేదు. ఇప్పుడు ఎయిర్‌లైన్స్‌లో ఉన్నాడు. చంద్రశేఖరం గారు చెప్పిన తెల్ల చొక్కా, చారలు, అన్నీ వచ్చాయి. మొన్న మాఘమాసంలో వచ్చి మూడు రోజులున్నాడు.

"ఇంక నిద్రపోమ్మా," అన్నాడు. "రెండు ఇంజన్లు. ఒకటి ఆగినా రెండోదాంతో దింపుతాను."

"నీ ఎనకాల ఎంతమంది కూకుంటారు?" అని అడిగాను.

"నిండితే వందమంది పైనే."

"అందులో పిల్లలుంటారేటి?"

"ఉంటారు. ఒక్కోసారి ఒళ్ళో పసిపిల్లలు కూడా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్ళుగా ఏ విమానం కోసం ఎదురు చూశానో అది వచ్చింది. మా ఆయన వరండాలో అరిచిన మాట కూడా దానితోనే వచ్చింది. ఎవరి కొడుకునో, ఎవరి కూతురినో ఇప్పుడు నా కొడుకు వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నాడు. వాళ్ళ అమ్మలు ఏ వరండాలో నిలబడి ఉన్నారో నాకు తెలియదు.

వెళ్ళే రోజు స్టేషనుకి అప్ప కూడా వచ్చింది. కళ్ళు సరిగా కనపడక అక్షింతలు సగం వాడి మీద, సగం పక్కన కూలీ మీద చల్లింది. వాడికి నెత్తిన వెంట్రుకలు పల్చబడ్డాయి, దువ్వడానికి పెద్దగా లేవు. అయినా దువ్వాను. కాలరు విదిలించాను. చొక్కా మీది జేబులో వేలు పెట్టి చూశాను. అడుగు కుట్టులో ఒక పసుపు గింజ తగిలింది. గోటితో తీసి పారేశాను. రైలు కూత వేస్తున్నా వినకుండా రెండో జేబు కూడా చూశాను.

పొట్నూరు పైడితల్లి,
యాభై ఒక్క ఏళ్ళు,
రైల్వే కాలనీ వెనక వీధి, రాయగడ.